వేసవిలో ఐస్ హాకీ జట్టును తిరిగి కట్టడం ఎలా?

ఉత్తర అమెరికాలోని నేషనల్ హాకీ లీగ్‌లో 32 జట్లున్నాయి. జూన్‌లో వాటిలో ఒకటి విజేతగా స్టాన్లీ కప్ ఎత్తుతుంది. ఆటగాళ్లు సెలవులకు వెళ్లాక జట్టులో ఎవరుండాలో నిర్ణయించే జనరల్ మేనేజర్‌కు అసలు పని మొదలవుతుంది. ఆ కుర్చీ మీదే అనుకోండి.

1. డబ్బు లెక్క చూసుకోండి. 2024-25లో జట్టు జీతాల గరిష్ఠ పరిమితి 8.8 కోట్ల డాలర్లు. వేసవిలో దాన్ని 10 శాతం వరకు దాటవచ్చు. సీజన్ మొదలయ్యే నాటికి మాత్రం లోపలికి రావాల్సిందే.

2. బరువైన ఒప్పందాలను దించుకోండి. వేరే జట్టు తీసుకుంటే మంచిదే. లేదంటే ఒప్పందాన్ని కొనేసి ఆటగాణ్ని పంపవచ్చు. 26 ఏళ్లు దాటినవాడికి రెండేళ్లలో 60 లక్షల డాలర్లు రావాల్సి ఉంటే, మూడింట రెండు వంతులు, అంటే మొత్తం 40 లక్షలు, నాలుగేళ్లకు పంచి చెల్లించాలి. అప్పు తీర్చడానికి అప్పు చేయడమే ఇది, తప్పనప్పుడే వాడండి.

3. జట్లు వంతులవారీగా కొత్త కుర్రాళ్లను ఎంచుకునే డ్రాఫ్ట్‌లో తొందరపడకండి. అక్కడ దొరికేవారు ఎక్కువగా 18 ఏళ్ల కుర్రాళ్లు. ఈ ఏటి లోటును వాళ్లు తీర్చలేరు.

4. బజారుకు వెళ్లేముందు ఇల్లు చూసుకోండి. చాలామంది తడబడేది ఇక్కడే. ఒప్పందం ముగిసిన యువ ఆటగాడిపై పాత జట్టుకు హక్కున్నా, వేరే జట్టు అతనికి జీతం ప్రతిపాదించవచ్చు. అంత ఇవ్వాలో వదులుకోవాలో పాత జట్టు వారంలో తేల్చాలి. 2024 ఫైనల్లో ఏడో మ్యాచ్ వరకు వెళ్లి ఓడిన ఎడ్మంటన్ ఆయిలర్స్, జూలై 1న స్కిన్నర్, ఆర్విడ్సన్‌లను తెచ్చుకుంది. తన యువ ఆటగాళ్లు బ్రోబర్గ్, హాలోవే సంతకాలు మాత్రం మిగిలిపోయాయి. ఆగస్టులో సెయింట్ లూయిస్ బ్లూస్ ఆ ఇద్దరికీ గాలం వేసింది. బ్రోబర్గ్‌కు ఏడాదికి 45,80,917 డాలర్లు! ఒక్క డాలరు పెంచినా పాత జట్టుకు నష్టపరిహారంగా మొదటి రౌండ్ పిక్ (డ్రాఫ్ట్‌లో ఎంచుకునే వంతు) ఇవ్వాల్సి వచ్చేది. అంత కొలిచి వేశారు. పరిమితి అంచున ఉన్న ఎడ్మంటన్ ఇద్దరినీ వదులుకుంది. దక్కింది ఒక రెండో రౌండ్ పిక్, ఒక మూడో రౌండ్ పిక్. తర్వాతి సీజన్‌లో హాలోవే బ్లూస్ తరఫున గోల్స్, అసిస్ట్‌లు కలిపి 63 పాయింట్లు సాధించాడు.

5. జూలై 1న, ఒప్పందం ముగిసి ఏ జట్టులోనైనా చేరగల ఆటగాళ్ల మార్కెట్ తెరుచుకుంటుంది. మొదటి గంటల్లో ధరలు మండుతాయి. కావలసింది డిఫెన్స్‌మన్ అయితే డిఫెన్స్‌మన్‌నే వెతకండి. పేరున్న ఫార్వర్డ్ దొరికాడని ఎగబడకండి.

6. సీజన్ మొదలయ్యేలోపు జాబితాను 23 మందికి కుదించండి. అనుభవమున్న ఆటగాణ్ని కింది లీగ్‌కు పంపాలంటే ముందు వేవర్స్‌లో, అంటే మిగతా జట్లకు అందుబాటులో, పెట్టాలి. 24 గంటల్లో ఏ జట్టయినా అతన్ని ఎగరేసుకుపోవచ్చు. కాబట్టి ఎవరు పోయినా తట్టుకోగలరో ముందే తేల్చుకోండి.