స్పానిష్ మీదుగా పోర్చుగీసు – 7వ పాఠం: గ్లాసు అడగడం ఎలా

స్పానిష్ వచ్చినవాళ్లకు పోర్చుగీసు సగం వచ్చినట్టే అంటారు. తంటా అంతా ఆ వచ్చిన సగంతోనే. ఈసారి బల్ల మీది సామాను చూద్దాం.

స్పానిష్‌లో మంచినీళ్ల గ్లాసు ‘బాసో’ (vaso). అవే నాలుగు అక్షరాలను పోర్చుగీసులో ‘వాజు’ అని పలుకుతారు. మొదటిది బ కాదు, పైపళ్లు కింది పెదవికి తగిలే వ. రెండు అచ్చుల మధ్య పడిన ఎస్ జెడ్‌లా పలుకుతుంది. చివరి ఓ ఉకారమవుతుంది. అర్థమూ మారి పూలకుండీ అవుతుంది. బ్రెజిల్‌లో ‘వాజు సానితారియు’ అంటే కమోడ్. కాబట్టి సావో పాలో హోటల్లో ‘వాజు’తో నీళ్లు అడక్కండి. అడగాల్సింది: ‘ఉం కోపు జి ఆగ్వ’.

ఈ ‘కోపు’లోని ఒకారాన్ని నోరు బాగా తెరిచి, ఆకారానికి దగ్గరగా పలకాలి. స్పానిష్‌లో ఇదే మాట ‘కోపో’. అక్కడ మంచు పలుకు. కార్న్‌ఫ్లేక్స్‌ని ‘కోపోస్ దె మాయిస్’ అనేది అందుకే.

అసలు చిక్కు ‘తాస’ది. లాటిన్ అమెరికా స్పానిష్‌లో అది కాఫీ కప్పు. పోర్చుగీసులో కాడ ఉన్న వైన్ గ్లాసు. స్పెల్లింగు వేరు, చెవికి మాత్రం తేడా తెలియదు. స్పెయిన్‌లో చాలాచోట్ల నాలుక పళ్ల మధ్య పెట్టి ‘తాథ’ అంటారు కనుక అక్కడ నేర్చినవాళ్లకు ఈ బాధ తక్కువ. కాఫీ కప్పుకు బ్రెజిల్‌లో ‘షీకర’, పోర్చుగల్‌లో ‘షావెన’.

మరి స్పానిష్ వైన్ గ్లాసు ‘కోపా’? బ్రెజిల్ ఇళ్లలో ‘కోపా’ అంటే వంటింటి పక్కన తినే చిన్న గది. ఆటల్లో ఈ లెక్క కుదరదు: స్పెయిన్‌లో కోపా దెల్ రే, బ్రెజిల్‌లో కోపా దు బ్రజీల్, పోర్చుగల్‌లో తాస ద్ పుర్తుగాల్. మూడూ ఫుట్‌బాల్ కప్పులే.

మాటలను విడిగా బట్టీ పట్టకండి, ఆర్టికల్‌తో కలిపి నేర్చుకోండి: ఉ కోపు, ఉ వాజు, అ తాస, అ షీకర. వస్తువును చేత్తో పట్టుకుని పైకి అనండి. తెలుగులోకో స్పానిష్‌లోకో మార్చుకుంటే పాత అర్థమే ముందు వస్తుంది.

అభ్యాసం: వీటిని బ్రెజిల్ పోర్చుగీసులో చెప్పండి.
ఉన్ బాసో దె లెచె (పాలు). ఉన కోపా దె బినో (వైన్). ఉన తాస దె తె (టీ).

జవాబులు: ఉం కోపు జి లెయ్చి. ఉమ తాస జి వీన్యు. ఉమ షీకర జి షా.