ఫస్టియర్ పిల్లలకు ప్రపంచ పౌరసత్వం నేర్పాలంటే రొయ్యల చెరువు దగ్గర మొదలుపెట్టండి

డిగ్రీ ఫస్టియర్ క్లాసులో మొదటి రోజే బోర్డు మీద 'ప్రపంచ పౌరసత్వం, నాయకత్వం' అని రాస్తే పిల్లలు నోట్సు తెరిచి డెఫినిషన్ కోసం ఎదురుచూస్తారు. ఇంటర్ రెండేళ్లూ వాళ్లకు అదే అలవాటు చేశాం, తప్పు వాళ్లది కాదు. అందుకే మొదటి మూడు వారాలు ఆ మాటలే ఎత్తకండి. వాళ్ల ఊళ్లో దొరికే ఒక వస్తువు పట్టుకుని, అది ఎక్కడి నుంచి వచ్చింది, ఎక్కడికి పోతోంది, మధ్యలో ఎవరు బాగుపడ్డారు, ఎవరు నష్టపోయారు అని వాళ్ల చేతే అడిగించండి. నిజామాబాద్ అయితే పసుపు, గుంటూరు అయితే మిర్చి. జగిత్యాల, సిరిసిల్ల వైపైతే వస్తువు కూడా అక్కర్లేదు, గల్ఫ్ వెళ్లిన మనిషి ప్రతి వీధిలో ఉంటాడు. నేను భీమవరం వైపు పిల్లలతో రొయ్య పట్టుకున్నాను.

మన చెరువుల్లో పెంచే వనామీ రకం రొయ్య పుట్టిల్లు లాటిన్ అమెరికా పసిఫిక్ తీరం, మన దేశంలో దాని సాగుకు అనుమతి వచ్చింది 2009లో. చెరువు గట్ల మీద పెరిగిన పిల్లలు కూడా ఈ మాటకు తలెత్తి చూస్తారు. తర్వాత 2025 ఆగస్టు సంగతి తీయండి. అమెరికా మన సరుకుల మీద సుంకం 50 శాతానికి పెంచితే ఇక్కడ చెరువు దగ్గర కౌంటు రేటు (కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయన్న లెక్కన కట్టే ధర) ఎందుకు తగ్గుతుందో ఇంట్లో అడిగి రమ్మనండి.

ఇప్పుడు ఐదు గ్రూపులు చేయండి: చెరువు రైతు, ప్రాసెసింగ్ ప్లాంట్‌లో తలలు తీసే మహిళ, పొలంలోకి ఉప్పునీరు ఊరిన పక్క వరి రైతు, అమెరికాలో కొనే వ్యాపారి, బయటి నుంచి వచ్చే రొయ్యల మీద సుంకం వేయాలని అడిగే అమెరికాలోని లూసియానా రాష్ట్రపు జాలరి. ఎవరికి ఏది నచ్చదో వాళ్లకు అదే ఇవ్వండి. చెరువులున్న ఇంటి అబ్బాయికి నేను లూసియానా జాలరి పాత్ర ఇస్తే, "మా నాన్నకి ఎదురు మాట్లాడినట్టుంటుంది సార్, నా వల్ల కాదు" అన్నాడు. వారం తర్వాత వచ్చి బోటు డీజిల్, ఐసు, కూలీల ఖర్చు బోర్డు మీద లెక్కవేసి చూపించి, చాక్‌పీసు కింద పెడుతూ "వాళ్లకీ అప్పులే కదా సార్" అన్నాడు. నేను చెప్పాలనుకున్న పాఠం ఆ పూటకి అయిపోయింది.

నాయకత్వం విషయానికొస్తే, గట్టిగా మాట్లాడేవాడినే లీడర్‌ని చేయడం మనం ఎక్కువగా చేసే పొరపాటు. వారానికొకరిని మార్చండి, లీడరు అందరి తర్వాతే మాట్లాడాలని పెట్టండి, నోరు విప్పనివాళ్ల అభిప్రాయం లేని రిపోర్టు తీసుకోకండి. తెలుగులో మాట్లాడనివ్వండి, దయచేసి ఇంగ్లీషు కోసం మార్కులు కోయకండి, తెలుగు మీడియం నుంచి వచ్చిన అమ్మాయి దగ్గర ఎంత ఆలోచన ఉందో అప్పుడే తెలుస్తుంది. ఇక్కడే ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కమిషన్‌లో మన దేశం తరఫున కూర్చున్న హంసా మెహతా గురించి చెప్పండి. 1948 మానవ హక్కుల ప్రకటన ముసాయిదాలో మొదటి అధికరణ 'మగవాళ్లందరూ' అనే అర్థం వచ్చే మాటతో ఉంటే, ఆవిడ పట్టుబట్టి 'మనుషులందరూ' అని మార్పించారు. ఒక్క మాట మార్చడానికి ఎన్ని సమావేశాల్లో కూర్చోవాల్సి వచ్చిందో పిల్లల్నే ఊహించమనండి.

తర్వాత బయటికి తీసుకెళ్లండి. ఎన్‌ఎస్‌ఎస్‌లో (జాతీయ సేవా పథకం) ఏడాదికి 120 గంటలు ఎలాగూ ఉన్నాయి, మళ్లీ ర్యాలీ, బ్యానరు, ఫొటోలతో గడిపేయకండి. నీళ్లలో కరిగిన లవణాలు ఎంతున్నాయో చూపించే టీడీఎస్ మీటరు చవకలో దొరుకుతుంది, అది కొని, చెరువుల పక్క బోర్లలో నీళ్లు పరీక్ష చేయించి, ఆ అంకెలు పంచాయతీకి వాళ్లనే ఇవ్వమనండి. సర్పంచి వినకపోవచ్చు, చెరువు రైతులు కోప్పడొచ్చు. ముందే ఫోన్లు చేసి దారి సుగమం చేయకండి, ఊళ్లో ఎవరైనా గదిమితే మాత్రం పక్కనే ఉండండి.

మార్కులకు వారానికి అరపేజీ చాలు: 'ఈ వారం నా అభిప్రాయం ఎక్కడ మారింది, ఎవరి మాట వల్ల?' మొదటి అరపేజీ మీ దగ్గర దాచి, సెమిస్టరు చివర తిరిగిచ్చి, దాని కిందే జవాబు రాయించండి.