ల్యూబెక్ చూడడానికి ఓడ దిగే ముందు

గత జూన్‌లో జర్మనీలోని రోస్టాక్ నగరానికి చెందిన వార్నెమ్యూండే రేవులో ఒక తెలుగు కుటుంబాన్ని గట్టు మీదే వదిలి మా విహార ఓడ వెళ్లిపోవడం పై అంతస్తు నుంచి కళ్లారా చూశాము. ల్యూబెక్ అనే పాత నగరం చూసి, కొడుకు, అతని తల్లిదండ్రులు మార్జిపాన్ అనే బాదం మిఠాయి డబ్బాలు పట్టుకుని పరుగున వచ్చేసరికి ఓడ ఇంకా గట్టుకు ఆనుకునే ఉన్నది, కాని ఎక్కే వంతెన తీసేశారు. వాళ్లు రోస్టాక్ నుంచి డెన్మార్క్‌లోని గెడ్సర్‌కు ఫెర్రీలోను, అక్కడి నుంచి బస్సులోను కోపెన్‌హాగెన్ చేరి మళ్లీ మమ్మల్ని కలుసుకున్నారు. ఈలోగా ఆ తల్లి చక్కెర వ్యాధి మందులు ఓడలోని గదిలోనే ఉండిపోయాయి.

వాళ్లు నిర్లక్ష్యం చేసినవారు కారు. ఓడ ఆరింటికి బయలుదేరుతుందని చదువుకుని, ఆరింటికి పది నిమిషాల ముందే వచ్చారు. ఎందరో చేసే పొరపాటు ఇదే. ఓడ బయలుదేరే సమయం వేరు, అందరూ ఎక్కి ఉండవలసిన సమయం వేరు. ఈ రెండవది సాధారణంగా అరగంట ముందుంటుంది, కొన్నిచోట్ల ఇంకా ముందుంటుంది. మీ లెక్క ఎప్పుడూ ఈ రెండవదాని నుంచే వెనక్కి సాగాలి.

ఓడవారు నడిపే యాత్రలో వెళితే, బస్సు ఆలస్యమైనా ఓడ మీకోసం ఆగుతుంది, లేదా మిమ్మల్ని తరువాతి రేవుకు చేర్చే బాధ్యత వారిదే అవుతుంది. సొంతంగా వెళితే ఆ పూచీ ఉండదు. వార్నెమ్యూండే నుంచి ల్యూబెక్‌కు రైలులో రెండు గంటలకు పైగా పడుతుంది. సాధారణంగా రోస్టాక్‌లో ఒకసారి, బాడ్ క్లైనెన్‌లో ఒకసారి రైలు మారాలి. మొదటి రైలు కాస్త ఆలస్యమైతే రెండవది దొరకదు. జర్మనీ రైళ్లు క్షణం తప్పవని మనవాళ్లలో పాతుకుపోయిన నమ్మకాన్ని దయచేసి ఇంట్లోనే వదిలి రండి. రేవులో ఉండే వ్యవధి ఎనిమిది గంటలకు మించకపోతే ల్యూబెక్ మానుకోండి. రోస్టాక్ దగ్గరలోనే ఉన్నది, అక్కడి సెయింట్ మేరీ చర్చిలోని 1472 నాటి ఖగోళ గడియారం చూసినా ఆ రోజు వృథా కాదు.

వెలుతురును నమ్మకండి. జూన్‌లో అక్కడ రాత్రి తొమ్మిదిన్నరకు కూడా సూర్యుడు అస్తమించడు. పొద్దును బట్టి వేళ తెలుసుకునే మన పెద్దవారు సాయంత్రం ఐదింటిని మధ్యాహ్నమే అనుకుంటారు.

ల్యూబెక్‌లో స్టేషను దిగగానే హోల్‌స్టెన్‌టోర్ కోటద్వారం ఎదురవుతుంది, అక్కడే ఫొటోలకు గంట గడిచిపోతుంది. దానిని తిరుగు ప్రయాణానికి ఉంచుకుని, ముందుగా ఈ ఊరి సెయింట్ మేరీ చర్చికి వెళ్లండి. 1942 బాంబుదాడిలో గోపురం నుంచి కూలిన గంటలను పగిలిన నేలలో పడినవి పడినట్లే ఉంచారు. వాటిని హడావుడిగా చూసి వచ్చేయడం ఎవరికీ సాధ్యం కాదు, అందుకే ఆ సమయాన్ని ముందే కేటాయించుకోవాలి.

ఓడ దిగేటప్పుడు గడియారాన్ని ఓడ గడియారంతో సరిచూసుకోండి. అంతకుముందు ఎస్టోనియాలోని టాలిన్‌లో ఆగిన ఓడ అక్కడి సమయాన్నే పాటిస్తుంటే, మీ ఫోను గంట వెనక ఉంటుంది. ఒక రోజుకు అదనంగా మందులు చేతిసంచిలో పెట్టుకోండి. పాస్‌పోర్టు మీ దగ్గర ఉంటే వెంట ఉంచుకోండి, ఓడవారి దగ్గర ఉంటే నకలు తీసుకోండి. చెప్పులు వద్దు, పట్టున్న బూట్లు వేసుకోండి, వాన పడితే ఆ రాళ్లు పరిచిన వీధుల్లో కాలు నిలవదు. సైకిళ్ల బాటలో నడవకండి. మరుగుదొడ్లకు చిల్లర నాణేలు ఉంచుకోండి. రైలు టికెట్టు మీద యంత్రంలో ముద్ర వేయాలో లేదో చూసుకోండి. విడివిడిగా తిరగకండి. సమయానికి చేర్చే చివరి రైలును లక్ష్యంగా పెట్టుకోకండి, దానికి రెండు రైళ్ల ముందుదే ఎక్కండి. మళ్లీ చెబుతున్నాను, బయలుదేరే సమయం కాదు, ఎక్కి ఉండవలసిన సమయం. దానిని మీ అమ్మానాన్నల చేత కూడా ఒక కాగితం మీద రాయించండి. ఓడవారు ఇచ్చే రోజువారీ పత్రంలో ఉండే రేవు ఏజెంటు (ఆ రేవులో ఓడవారి ప్రతినిధి) ఫోను నంబరును ఆ కాగితం మీదే, సమయం కిందనే రాయించండి. ఫోను చార్జింగు అయిపోయినా కాగితం జేబులో ఉంటుంది.