కిల్న్‌లో గాజు పళ్లెం: ఫ్యూజింగ్, స్లంపింగ్ కాల్పులు

కిల్న్‌లో, అంటే గాజు కాల్చే కొలిమిలో, గాజు పళ్లేనికి రెండు కాల్పులు కావాలి. మొదటిది ఫ్యూజింగ్: ముక్కలన్నీ కరిగి ఒకే పలకగా అతుక్కుంటాయి. రెండోది స్లంపింగ్: ఆ పలక మెత్తబడి అచ్చులోకి వంగుతుంది. రెండూ ఒకే కాల్పులో కానిద్దామంటే కుదరదు. ఫ్యూజింగ్‌కి కావలసిన 800 డిగ్రీల దగ్గర, అచ్చు మీదున్న గాజు పాకంలా జారి అడుగున గుమిగూడుతుంది, అంచులు పలచబడిపోతాయి. కింది అంకెలన్నీ సెల్సియస్‌లో. 3 మి.మీ. గాజు రెండు పొరలు వేసి చేసే మామూలు పళ్లేనికి, బుల్సై కంపెనీ వారి 90 సీఓఈ గాజుకు సరిపోతాయి.

సీఓఈ అంటే వేడికి గాజు ఎంత సాగుతుందో చెప్పే అంకె. 90 రకాన్నీ 96 రకాన్నీ కలపకూడదు. కిటికీ గాజు ఈ రెంటితోనూ కలవదు. కరిగినప్పుడు చక్కగా అతుక్కున్నట్టే కనిపిస్తాయి. చల్లారేటప్పుడు ఒకటి ఎక్కువ, ఇంకొకటి తక్కువ కుంచించుకుని, కలిసిన చోటే పగులుతాయి. ఒక్కోసారి ఆ పగులు కొన్ని రోజుల తర్వాత, వస్తువు అలమారలో ఉండగా వస్తుంది. కలిపి వాడటానికి పరీక్షించామని ఒకే కంపెనీ చెప్పి అమ్మే గాజుతోనే పళ్లెమంతా చేస్తే ఈ బెడద ఉండదు.

రెండు పొరలే ఎందుకంటే, పూర్తిగా కరిగిన గాజు తలతన్యత వల్ల సుమారు 6 మి.మీ. మందానికి సర్దుకోవాలని చూస్తుంది. ఒక్క పొర వేస్తే లోపలికి ముడుచుకుంటుంది, అంచుల వెంట సూదిమొనలు లేస్తాయి. మూడు పొరలు వేస్తే పక్కలకు పారి గీసిన ఆకారం చెడుతుంది.

కోసిన ముక్కల్ని కడిగి, నూగు రాలని గుడ్డతో తుడవండి. వేలిముద్రల జిడ్డు, అంచులు అరగదీసిన పొడి మిగిలితే, కాల్చాక పైన తెల్లటి మసక పొర కడుతుంది. దీన్నే డీవిట్ అంటారు.

కిల్న్‌లో గాజును పెట్టే పలకకు, అంటే షెల్ఫ్‌కి, గాజు అంటుకోకుండా కిల్న్ వాష్ అనే పూత పూయాలి. పొడి ఒక పాలు, నీళ్లు ఐదు పాళ్లు, బరువుతో కాకుండా కొలతతో. మెత్తటి వెడల్పు బ్రష్‌తో నాలుగైదు పల్చటి పూతలు, ఒక్కో పూత ఒక్కో దిక్కుగా వేయండి. తర్వాత ఖాళీ కిల్న్‌లో 260 డిగ్రీల దాకా వేడి చేసి తడి పూర్తిగా పోగొట్టండి. ఫుల్ ఫ్యూజ్ (ముక్కలు పూర్తిగా కరిగి ఒకే పలకయ్యే కాల్పు) అయిన ప్రతిసారీ పాత పూత గీకేసి కొత్తది వేయాల్సిందే. బద్ధకించి పాతదాని మీదే ఇంకోసారి కాలిస్తే గాజు అడుగున తెల్ల సుద్దలా అంటుకుంటుంది, ఎంత రుద్దినా ఓ పట్టాన వదలదు. గీకేటప్పుడు దుమ్ము ఊపిరిలోకి వెళ్లకుండా మాస్కు పెట్టుకోండి.

ఫ్యూజింగ్ కార్యక్రమం ఇది:

1. గంటకు 222 డిగ్రీల చొప్పున 677 దాకా; అక్కడ 30 నిమిషాలు.
2. గంటకు 333 చొప్పున 804 దాకా. అక్కడ 10 నిమిషాలు.
3. వీలైనంత వేగంగా 482కి; అక్కడ ఒక గంట.
4. గంటకు 83 చొప్పున 371 దాకా.
5. ఆపేసి, లోపల గది వేడికి వచ్చేదాకా మూత తీయకండి.

ఈ అంకెలు గుడ్డిగా కొట్టే బదులు, ఏది ఎందుకో తెలిస్తే మీ కిల్న్‌కి మీరే మార్చుకోవచ్చు. సుమారు 540 లోపు గాజు ఇంకా పెళుసే, తొందరపెడితే పగులుతుంది. ఆ పైన మెత్తబడుతుంది కాబట్టి వేడి షాక్‌కి పగలదు. 677 దగ్గర అరగంట ఆగడం గాలి కోసం. పై పొర నెమ్మదిగా వాలి, మధ్యనున్న గాలిని అంచుల వైపు నెడుతుంది. అంచులు ముందే అతుక్కుపోతే ఆ గాలి బుడగై ఉబ్బుతుంది. ఆ తర్వాత పరుగు ఎందుకంటే, డీవిట్ పట్టేది 700 దాటాకే. అక్కడ ఎంత తక్కువసేపుంటే అంత మంచిది.

అన్నిటికన్నా ముఖ్యమైనది 482 దగ్గరి గంట, ఎనీలింగ్. లోపలా బయటా ఒకే వేడికొచ్చి, గాజులోని ఒత్తిడి సడలేది అక్కడే. మందం పెరిగితే మార్చాల్సింది ముఖ్యంగా దీన్నే. 12 మి.మీ. మందానికి రెండు గంటలు ఆపి, గంటకు 55 చొప్పున దించాలి. 19 మి.మీ.కి మూడు గంటలు, గంటకు 25. ముక్కలు పైకి తేలి కనిపించే ట్యాక్ ఫ్యూజ్‌లో మందం ఎగుడుదిగుడుగా ఉంటుంది కనుక, బాగా మందమున్న చోటుకు రెట్టింపు మందం లెక్కేసుకుని ఎనీల్ చేయండి. ట్యాక్ ఫ్యూజ్‌కి గరిష్ఠ వేడి 730–760 చాలు. కిల్న్‌కి కిల్న్‌కి పదేసి డిగ్రీల తేడా మామూలే. మొదట చిన్న ముక్కలతో చూసుకోండి.

స్లంపింగ్‌కి అచ్చుకీ కిల్న్ వాష్ పట్టించండి, అడుగున గాలి రంధ్రాలు మూసుకుపోకుండా పిన్నుతో పొడవండి. రంధ్రం మూసుకుంటే గాలి పోయే దారిలేక పళ్లెం మధ్యలో పైకి ఉబ్బుతుంది. అచ్చును చిన్న దిమ్మల మీద ఎత్తి పెట్టి, లెవెల్‌తో సరిచూడండి. కాస్త వాలుంటే చాలు, గాజు ఒక పక్కకు జారి పళ్లెం వంకరగా వస్తుంది.

గంటకు 167 చొప్పున 660 దాకా, అక్కడ 10 నిమిషాలు. దించడం ఫ్యూజింగ్‌లో లాగే. లోతైన అచ్చుకు వేడి పెంచకుండా సమయం పెంచండి. వేడి పెంచితే అచ్చు గరుకంతా గాజు మీద పడుతుంది. 640 దాటాక కంటి రక్షణ పెట్టుకుని, చూపు రంధ్రంలోంచి అప్పుడప్పుడు చూడండి. అడుగు తాకగానే కంట్రోలర్‌లో తర్వాతి దశకు దాటించండి.

గాజు అచ్చులోకి వంగాలంటే సెరామిక్, అచ్చు మీద కప్పుకోవాలంటే స్టెయిన్‌లెస్ స్టీల్. చల్లారేటప్పుడు గాజు సెరామిక్ కన్నా ఎక్కువ కుంచించుకుంటుంది కాబట్టి, కప్పిన సెరామిక్‌ను బిగించి పట్టుకుని పగులుతుంది. స్టీలు గాజు కన్నా ఎక్కువ కుంచించుకుని విడిపోతుంది. స్టీలుకు కూడా కిల్న్ వాష్ తప్పదు.

పగిలితే పారేయబోయే ముందు ఆ అంచును వేలికి గ్లవ్ వేసుకుని తడిమి చూడండి. నున్నగా, గుండ్రంగా ఉంటే వేడెక్కేటప్పుడు పగిలి, ఆ తర్వాత కరిగిందన్నమాట: మొదటి దశ వేగం తగ్గించండి. వాడిగా ఉంటే చల్లారేటప్పుడు పగిలింది. ఆ గీత వంపు తిరిగి రంగులతో పనిలేకుండా అడ్డంగా పోతే ఎనీలింగ్ చాలలేదు. రెండు రంగుల సరిహద్దు వెంటే పోతే ఆ గాజులు ఒకదానికొకటి సరిపడలేదు, అలాంటి ముక్కల్ని మళ్లీ కాల్చినా లాభం లేదు. ఇదొక్కటి తప్ప మిగతా పగుళ్లకు ముక్కల్ని దగ్గర చేర్చి, అడుగున కొత్త పొర వేసి, నిదానంగా వేడెక్కించి మళ్లీ ఫుల్ ఫ్యూజ్ చేసుకోవచ్చు. మందం పెరిగింది కనుక ఎనీలింగ్ కూడా దానికి తగ్గట్టు పెంచాలి.