కుమరకం తోట హోటల్‌లో రెండు రాత్రులు ఎలా గడపాలి?

మొదటిసారి కేరళలోని కుమరకం వెళ్లినప్పుడు మేము పగలంతా కొచ్చిలో తిరిగి, ఆలప్పుళలో పడవ ఎక్కి, రాత్రి ఎనిమిదిన్నరకు హోటల్‌కు చేరాం. తెల్లవారగానే మున్నార్‌కు టాక్సీ. వేంబనాడ్ సరస్సు ఒడ్డున అంత పెద్ద తోట ఉంటే, మేము చూసింది గది నుంచి టిఫిన్ దగ్గరకు నడిచిన ఐదు నిమిషాలే. ఇలాంటి హోటళ్ల అద్దెలో పెద్ద వాటా తోటది, నీళ్లది, ఆయుర్వేద మర్దన చేసే నూనె గదిది. వాటి దగ్గర కూర్చునే తీరిక లేనివారికి కొట్టాయంలో మామూలు లాడ్జి చాలు. రెండోసారి బుద్ధి తెచ్చుకుని వెళ్లాం. ఆ పద్ధతే ఇది.

ముందు నెల, తరువాత తేదీ

డిసెంబరు చివరి పది రోజులు వదిలేయండి. అద్దె ఆకాశంలో ఉంటుంది. పైగా క్రిస్మస్ ముందు రాత్రి, డిసెంబరు 31 రాత్రి విందు భోజనం తప్పనిసరి అని చాలా హోటళ్లు బిల్లులో కలిపేస్తాయి. నా ఓటు వానాకాలానికి. జులై మధ్య నుంచి ఆగస్టు మధ్య వరకు మలయాళీలకు కర్కాటక మాసం. ఆయుర్వేద చికిత్సకు అదే అనువైన కాలమని అక్కడివారి నమ్మకం. పర్యాటకులు తక్కువ కాబట్టి అద్దెలూ దిగుతాయి. వసారాలో కూర్చుని సరస్సు మీద వాన చూడటానికి వేరే రుసుము లేదు. దోమలు మాత్రం ఉంటాయి. పొడుగు చేతుల చొక్కాలు పెట్టుకోండి.

సికింద్రాబాద్ నుంచి వెళ్లే శబరి ఎక్స్‌ప్రెస్ కొట్టాయంలో ఆగుతుంది. అక్కడి నుంచి కుమరకం సుమారు పదిహేను కిలోమీటర్లు. అయ్యప్ప దీక్షల కాలంలో ఆ రైల్లో బెర్తు దొరకడం ఎంత కష్టమో మనకు కొత్తగా చెప్పనక్కరలేదు. విమానంలో కొచ్చి వెళ్లేవారు విమానాశ్రయం నుంచి రోడ్డు మీద రెండు గంటలకు పైనే పడుతుందని లెక్క వేసుకోండి.

గది అడిగే తీరు

ఫోనులో అడగవలసినవి మూడు. మొదటిది, అద్దెలో ఏ భోజనాలు కలిశాయి? హోటళ్ల భాషలో సీపీ అంటే గదితో పాటు టిఫిన్ ఒక్కటే. ఎంఏపీ అంటే టిఫిన్‌తో పాటు ఇంకో పూట భోజనం. ఏపీ అంటే మన రాష్ట్రం కాదు, మూడు పూటలా తిండి. చుట్టుపక్కల తినడానికి పెద్దగా ఏమీ లేని చోట ఎంఏపీ మేలు.

రెండోది, పన్ను. 2025 సెప్టెంబరు 22 నుంచి రోజుకు 7,500 రూపాయల వరకు అద్దె ఉన్న గదికి జీఎస్టీ 5 శాతం, ఆ గీత దాటితే 18 శాతం. అంటే 7,500 గదికి పన్ను 375 రూపాయలు, 7,600 గదికి 1,368. వంద రూపాయల తేడా గదికి దాదాపు వెయ్యి రూపాయల పన్ను ఎక్కువ కట్టేముందు ఇంకోసారి బేరమాడండి.

మూడోది, గది దేనికి ఎదురుగా ఉంది? ‘తోట వైపు గది’ అన్న మాటను నమ్మి ఒకచోట దిగితే, కిటికీ ముందు నాలుగు క్రోటన్ కుండీలు, వాటి వెనుక జనరేటర్ ఉన్నాయి. అందుకే గది నంబరు, అది ఎటు తిరిగి ఉందో మెయిల్‌లో రాయించుకోండి. పాత కేరళ చెక్క ఇళ్లను విప్పి తెచ్చి మళ్లీ నిలబెట్టిన గదులు కుమరకంలో కొన్నిచోట్ల ఉన్నాయి. దొరికితే వాటినే తీసుకోండి. గడప ఎత్తు, తలుపు పొట్టి. వంగి లోపలికి వెళ్లడం అలవాటయ్యేలోగా నుదురు రెండుసార్లు తగులుతుంది.

గంటల లెక్క

మధ్యాహ్నం రెండుకు గది ఇస్తే, మూడో రోజు పదకొండుకు ఖాళీ చేయమంటారు. చేతిలో ఉన్నవి 45 గంటలు. నిద్రకు పదహారు తీసేస్తే మిగిలేవి 29. అందులో ఊరు చూడటానికి ఒక్క ఉదయమే కేటాయించండి: ఆరు గంటలకల్లా కుమరకం పక్షుల అభయారణ్యం. తిరిగి వచ్చి టిఫిన్ చేశాక గేటు దాటవద్దు.

నూనె గదిలో

అసలు సంగతి ఇది. దిగిన రోజు సాయంత్రం మర్దన పెట్టుకోకండి, డాక్టరును మాత్రం కలవండి. రక్తపోటు, మధుమేహం, గర్భం, నెలసరి, ఈమధ్య జరిగిన ఆపరేషన్, వాడుతున్న మందులు, ఏదీ దాచకండి. డాక్టరే లేకపోతే అది మామూలు మర్దన కేంద్రమని గ్రహించండి. కేరళ పర్యాటక శాఖ ఆయుర్వేద కేంద్రాలకు గ్రీన్ లీఫ్, ఆలివ్ లీఫ్ అనే గుర్తింపులు ఇస్తూ వచ్చింది, ఉందేమో అడగండి. రెండు రోజుల్లో పంచకర్మ (ఒంటిని శుద్ధి చేసే ఆయుర్వేద చికిత్సల వరుస) చేస్తామంటే నవ్వి ఊరుకోండి. దానికి రెండు మూడు వారాలు పడుతుంది. రెండు రాత్రుల అతిథికి అభ్యంగం (ఒంటికి నూనె మర్దన), శిరోధార (నుదుటి మీద నూనె ధార) చాలు.

రెండో రోజు పదకొండు గంటల సమయం అడగండి. అప్పటికి టిఫిన్ తిని రెండు గంటలు దాటాలి. నగలన్నీ గదిలోని లాకరులో పెట్టండి. నల్లపూసల మధ్య చేరిన నూనె వారం దాకా వదలదు. అక్కడ మగవారికి మగవారు, ఆడవారికి ఆడవారే మర్దన చేస్తారు. నాకు చేసిన ఆవిడను అందరూ ‘చేచీ’ అంటుంటే నేనూ అలాగే పిలిచాను. అక్క అని అర్థం.

కట్టుకోవడానికి ఒక గోచీ ఇస్తారు. మొహమాటం మొదటి ఐదు నిమిషాలే. పడుకోబెట్టే చెక్కబల్లను ద్రోణి అంటారు. అంచులు కాస్త లేచి, నూనె ఒక వైపుకు కారిపోయేలా ఉంటుంది. బాగా జారుతుంది కాబట్టి పక్కకు తిరిగేటప్పుడు చేచి చెయ్యి పట్టుకోండి. నూనె వేడి ఎక్కువైనా, చెయ్యి బరువు ఎక్కువైనా వెంటనే చెప్పండి. ఓర్చుకోవడానికి డబ్బు కట్టలేదు కదా.

శిరోధారకు తలపైన ఒక పాత్ర వేలాడుతుంది. దాని అడుగు కంతలోంచి దిగిన వత్తి వెంట సన్నని ధార నుదుటి మీద పడుతూ, ఒక కణత నుంచి ఇంకో కణతకు మెల్లగా ఊగుతుంది. కాసేపటికి ధార ఎటు వెళుతోందో కూడా మరిచిపోతాం. ఆ తరువాత పెసరపిండితో నూనె వదిలించి, వేడినీళ్ల స్నానం చేయించి, నడినెత్తిన రాస్నాది చూర్ణం అనే మూలికల పొడి చిటికెడు రుద్దుతారు. జలుబు చేయకుండా అట. పండగకు తలంటి, సున్నిపిండి రుద్దే మన ఇంటి క్రమమే ఇది, తాపీగా.

ఆ మధ్యాహ్నం ఈతకొలను జోలికి వెళ్లకండి. కొద్దిగా అన్నం తిని చెట్టు కింద పడుకోండి. తెల్ల బట్టలు వద్దు.

బిల్లు కట్టేటప్పుడు

చివరి రోజు టిఫిన్‌కు ముందే బిల్లు తెప్పించుకుని తీరికగా చదవండి. సర్వీస్ ఛార్జీ దానంతట అదే చేరి ఉంటే తీసేయమనవచ్చు. దాన్ని తప్పనిసరి చేయకూడదన్న 2022 నాటి కేంద్ర మార్గదర్శకాలను ఢిల్లీ హైకోర్టు 2025 మార్చిలో సమర్థించింది. ఆ డబ్బు నేరుగా చేచి చేతిలో పెట్టండి.

హోటల్ దుకాణంలో నూనె కొనకండి. కొట్టాయం బజారులో ఆయుర్వేద మందుల దుకాణాలు ఉన్నాయి, అక్కడ ధర చూడండి. విమానంలో వెళ్లేవారు సీసాను చేతి సంచీలో పెట్టవద్దు. నేను ధన్వంతరం తైలం అనే మర్దన నూనె ఒక సీసా మా అమ్మకు తెచ్చాను. డబ్బిచ్చి ఒంటికి నూనె పట్టించుకున్నానని వారం రోజులు ఎద్దేవా చేసిన మనిషి, మూత తీసి వాసన చూసి, “ఆదివారం వచ్చి నువ్వే నా మోకాళ్లకు రాయి” అంది.