కమాన్ పట్టీ కత్తిని నూనెలో ముంచే ముందు

లారీ కమాన్ పట్టీతో కత్తి చేసుకునేవాళ్లు అరగదీయడానికి వారం రోజులు పెడతారు. కాల్చి నూనెలో ముంచి గట్టిపరిచే పనిని మాత్రం ఒక్క సాయంత్రం హడావిడిగా కానిచ్చేస్తారు. కత్తి పగిలేదీ, చెయ్యి కాలేదీ ఆ సాయంత్రమే.

ముందు ఇనుము సంగతి. కమాన్ పట్టీలో కార్బన్ 0.5 నుంచి 0.6 శాతం దాకా ఉంటుంది, నూనెలో చక్కగా గట్టిపడుతుంది. పాత ఆకురాయిలో 1 శాతం, ఆపైన ఉంటుంది. చవక ఆకురాళ్లలో కొన్నింటికి పైపొర మాత్రమే గట్టి, లోపలంతా మెత్తటి ఇనుము. స్లాబుకు వాడే చువ్వను ఎంత కాల్చి ముంచినా కత్తికి పనికొచ్చేంత గట్టిపడదు. పవర్ హ్యాక్సా బ్లేడు హైస్పీడ్ స్టీల్ (వేడెక్కినా గట్టిదనం పోని ఉక్కు) అయితే దానికి 1200 డిగ్రీల దగ్గర వేడి కావాలి, బొగ్గుల కొలిమిలో ఆ పని పెట్టుకోకండి.

చూపుతో ఏ ఉక్కో తేలదు. అందుకే అదే పట్టీ నుంచి వేలెడు ముక్క కోసి, కత్తికి చేయబోయేదంతా ముందు దానికి చేయండి. ముంచి తీశాక వైస్‌లో బిగించి, పైన మందపాటి గుడ్డ కప్పి, కళ్లద్దాలు పెట్టుకుని సుత్తితో కొట్టండి. వంగితే గట్టిపడలేదన్నమాట. పుటుక్కున విరిగితే విరిగిన చోటు ఎండలో తిప్పి చూడండి. బూడిద రంగులో మఖమల్ గుడ్డలా మెత్తగా కనిపిస్తే వేడి సరిపోయింది. పంచదార పలుకుల్లా మెరుస్తుంటే ఎక్కువ కాల్చారు. ఈ ముక్క చెప్పేది ఏ యూట్యూబ్ వీడియో చెప్పదు.

ఏళ్ల తరబడి గోతుల్లో ఊగిన పట్టీలో వెంట్రుకవాసి పగుళ్లు ఉండొచ్చు. తుప్పు గీకి రాత్రంతా వెనిగర్‌లో నానబెడితే చాలావరకు నల్లటి గీతలుగా బయటపడతాయి. కమాన్లు కట్టే వర్క్‌షాపులో కొత్త పట్టీ తునకలు దొరికితే ఇంకా మంచిది. జింకు పూత ఉన్న ఇనుమును మంటలో పెట్టకండి. ఆ తెల్లటి పొగ పీల్చిన కొన్ని గంటలకు చలిజ్వరం వస్తుంది. క్రోమ్ పూత ఉన్నదాని జోలికే వెళ్లొద్దు. షాక్ అబ్జార్బర్ లాంటి మూసిన గొట్టాన్ని అలాగే కొలిమిలో పెడితే బాంబులా పేలుతుంది.

కత్తి అంచును ముంచేముందే పల్చన చేయకండి, రూపాయి బిళ్ల మందం ఉంచండి. పల్చటి అంచు నూనెలో మెలితిరుగుతుంది. పిడి దగ్గర లోపలి మూలలు గుండ్రంగా తీయండి. అడ్డంగా పడ్డ గ్రైండర్ గీతలను 120 నంబరు శాండ్ పేపరుతో పోగొట్టండి, పగులు మొదలయ్యేది వాటి దగ్గరే.

ఇక నూనె. పావుకిలో కత్తికి కనీసం 4 లీటర్లు ఉండాలి. తక్కువైతే నూనె ఇట్టే వేడెక్కి అంటుకుంటుంది, కత్తి సరిగా చల్లారదు. పల్లీ నూనె, ఆవ నూనె పనికొస్తాయి. బండిలోంచి తీసిన పాత ఇంజన్ ఆయిల్ వద్దు, దాని పొగ విషం. నూనెను 50, 60 డిగ్రీలకు వేడి చేసుకోండి. వేడి నూనె పల్చబడి, చల్లటిదానికంటే త్వరగా వేడిని లాగేస్తుంది. డబ్బా ఇనుముదే కావాలి, పొడవుగా, అడుగున చుక్క నీరు లేకుండా. ఆ నీరు ఆవిరైతే నూనె పొంగి బయటికి చిమ్ముతుంది. పైన జానెడు ఖాళీ వదిలి, ఇసుక నింపిన బకెట్‌లో డబ్బాను నిలబెట్టండి. మూత పక్క మనిషి చేతిలో ఉండాలి. నూనె అంటుకుంటే మూత పెట్టాలి, పొడి ఇసుక, మంటలార్పే డ్రై పౌడర్ సిలిండర్ దగ్గరుంచుకోవాలి. నీళ్లు మాత్రం పోయొద్దు.

ఎర్రదనం తెలియాలంటే మసక వెలుతురు కావాలి, మునిమాపువేళ అనువు. గడ్డివాము, తాటాకు పాక దగ్గర్లో ఉన్నచోట, గాలి వీచే రోజున వేసవిలో ఈ పని వద్దు. మూసిన గదిలోనూ వద్దు, బొగ్గు విడిచే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు. నూలు బట్టలు, తోలు బూట్లు వేసుకోండి. నైలాన్ చొక్కా కరిగి ఒంటికి అంటుకుంటుంది.

ముంచేముందు మూడుసార్లు ఎర్రగా కాల్చి గాలిలో చల్లారనివ్వండి, ఉక్కులోని బిగువు పోతుంది. తర్వాత అసలు కాపు. సుమారు 770 డిగ్రీల దగ్గర అయస్కాంతం ఉక్కును పట్టుకోవడం మానేస్తుంది. అది చాలదు, ఇంకో ఛాయ పైకి వెళ్లాలి. కత్తి మీద చిటికెడు ఉప్పు వేసి చూడండి, 800 డిగ్రీలకు కరుగుతుంది. కమాన్ పట్టీకి ఆపైన ఇంకో 20, 30 డిగ్రీలు చాలు. మొన పల్చన కాబట్టి ముందే ఎర్రబడుతుంది, దాన్ని మంట నడిమిలో వదిలేయకండి.

పట్టకారుతో నిటారుగా, మొన ముందుగా, తడబడకుండా పూర్తిగా దించండి. సగం ముంచి ఆగితే నూనె మట్టం దగ్గరే మంట లేస్తుంది. లోపల పైకీ కిందికీ, అంచు నుంచి వెన్ను వైపు కదపండి. పక్కలకు ఊపితే వంకర తిరుగుతుంది. నీళ్లలో ముంచితే టింగుమని చిన్న చప్పుడు వినిపించవచ్చు, పగిలిందన్నమాట, ఆ కత్తి ఇక తుక్కే. పొగ ఆగి చేయి తట్టుకునేంత చల్లబడ్డాక తీసి, ఆకురాయితో అంచును గీకండి. ఆకురాయి కొరక్కుండా జారితే గట్టిపడింది.

ఈ దశలో కత్తి గాజు లాంటిది, కిందపడితే రెండు ముక్కలు. పొద్దున చూద్దామని వదిలేస్తే రాత్రికి రాత్రే పగలొచ్చు. పెళుసుదనం తగ్గేలా తక్కువ వేడిలో ఉంచడాన్ని టెంపరింగ్ అంటారు. గంటలోపే టెంపరింగ్‌కు పెట్టండి. నూనె అంటకుండా సబ్బుతో కడిగి తుడిచి, 200 డిగ్రీల దగ్గర రెండు గంటల చొప్పున రెండుసార్లు, మధ్యలో పూర్తిగా చల్లారనిచ్చి. ఓవెన్ మీటను నమ్మకండి, లోపల విడిగా థర్మామీటర్ పెట్టండి, ట్రేలో ఇసుక పోస్తే వేడి ఎగుడుదిగుడు తగ్గుతుంది. మెరిసేలా రుద్దిన చోట లేత గడ్డిరంగు వస్తే సరిగ్గా అయింది. నీలం తేలితే 300 డిగ్రీల దాకా పోయినట్టే, అంచు నిలవదు.

ఆ తర్వాత అంచు తీసేటప్పుడు గ్రైండర్ దగ్గర నీళ్ల డబ్బా పెట్టుకుని, వేలికి వెచ్చగా తగలగానే ముంచుతూ ఉండండి. అంచు మీద నీలి మచ్చ పడిందంటే అక్కడి గట్టిదనం పోయినట్టే. మచ్చను రుద్దితే రంగు పోతుంది గానీ గట్టిదనం తిరిగి రాదు. మచ్చ లోతు మేర అంచును అరగదీయాలి.