డాబా మీద సోలార్‌కు కేంద్ర సబ్సిడీ: లెక్క వేసుకోవడం నుంచి ఖాతాలో పడేదాకా

పీఎం సూర్య ఘర్ ముఫ్త్ బిజిలీ యోజన 2024 ఫిబ్రవరిలో మొదలైంది. ఇంటి పైకప్పు మీద సౌర పలకలు పెట్టించుకునేవారికి ఈ పథకం కింద కేంద్రం మొదటి 2 కిలోవాట్ల వరకు కిలోవాటుకు 30,000 రూపాయలు, మూడో కిలోవాటుకు 18,000 రూపాయలు ఇస్తుంది. మొత్తం 78,000 దాటదు. 5 కిలోవాట్లు పెట్టించినా అంతే. కాబట్టి ఎన్ని కిలోవాట్లన్నది పలకలు అమ్మి బిగించే వెండరు చెప్పినదాన్ని బట్టి కాకుండా మన బిల్లులను బట్టి తేల్చుకోవాలి.

ఏడాది బిల్లులు ముందు పెట్టుకుని నెలకు సగటున ఎన్ని యూనిట్లు కాలుతున్నాయో చూడండి. ఒక కిలోవాటు రోజుకు సుమారు 4 యూనిట్లు, అంటే నెలకు 120 దాకా ఇస్తుంది; దానికి దాదాపు 10 చదరపు మీటర్ల ఎండ తగిలే చోటు కావాలి. 150 యూనిట్ల లోపు ఇంటికి 1 నుంచి 2 కిలోవాట్లు, 300 లోపు ఇంటికి 2 నుంచి 3 కిలోవాట్లు సరిపోతాయి. అయితే ఈ లెక్కకన్నా ముందు వాడకం తగ్గించుకోవడం మేలని నా అభిప్రాయం. ఒక్కొక్కటి 75 వాట్లు తాగే అయిదు పాత ఫ్యాన్లు రోజుకు పది గంటలు తిరిగే ఇంట్లో వాటి స్థానంలో 30 వాట్ల బీఎల్‌డీసీ (తక్కువ కరెంటు తాగే మోటారు ఉన్న) ఫ్యాన్లు బిగిస్తే నెలకు 67 యూనిట్లు మిగులుతాయి. అర కిలోవాటు పలకలు చేసే పని అది, డాబా ఎక్కకుండానే.

డాబా మీదికి మాత్రం ఉదయం తొమ్మిదికి ఒకసారి, మధ్యాహ్నం మూడుకు ఒకసారి ఎక్కి, నీళ్ల ట్యాంకు నీడ, పక్కింటి పిట్టగోడ నీడ ఎంతదాకా వస్తున్నాయో సుద్దముక్కతో గీయండి. వరుసలో ఒక పలక మీద నీడ పడినా ఆ వరుస మొత్తం దిగుబడి తగ్గవచ్చు.

ఇక కాగితాలు. ఇల్లు సొంతదై ఉండాలి, కరెంటు కనెక్షను ఉండాలి, సోలార్ పలకలకు ఇంతకుముందు వేరే సబ్సిడీ తీసుకుని ఉండకూడదు. చాలా ఇళ్లలో చిక్కు వచ్చేది పేరు దగ్గర: బిల్లు ఇంకా తాతగారి పేరు మీదే వస్తుంటుంది, దరఖాస్తు మనవడు చేస్తాడు. డిస్కంలో, అంటే మనకు కరెంటు సరఫరా చేసే పంపిణీ సంస్థలో, పేరు మార్పిడి ముందే చేయించుకుంటే తరువాత తిరగాల్సిన పని ఉండదు.

పథకం జాతీయ పోర్టల్‌లో రాష్ట్రం, డిస్కం, బిల్లు మీది సర్వీసు నంబరు, మొబైల్ నంబరు ఇచ్చి నమోదు చేసుకుని దరఖాస్తు పంపాలి. డిస్కం ఆమోదం వచ్చాక పోర్టల్‌లో నమోదైన వెండర్లలోనే ఒకరిని ఎంచుకోవాలి; బయటి మనిషితో తక్కువకు బిగించుకుంటే సబ్సిడీ రాదు. ఒప్పందంలో మూడు సంగతులు రాతపూర్వకంగా ఉండాలి. పలకలు దేశంలో తయారైన సెల్స్‌తో చేసిన డీసీఆర్ రకమై ఉండాలి. పలకల కరెంటును ఇంటి వాడకానికి తగ్గట్టు మార్చే ఇన్వర్టరు సామర్థ్యం పలకల సామర్థ్యం కన్నా తగ్గకూడదు, ఎందుకంటే సబ్సిడీకి ఈ రెండింటిలో తక్కువదాన్నే లెక్కలోకి తీసుకుంటారు. అయిదేళ్ల నిర్వహణ వెండరుదే.

వెండర్లు అంతగా చెప్పని విషయం మరొకటి ఉంది. డిస్కం లైనుకు (గ్రిడ్‌కు) కలిపిన, బ్యాటరీ లేని మామూలు సోలార్, లైనులో కరెంటు పోగానే తానూ ఆగిపోతుంది. లైన్ల మీద పనిచేసే సిబ్బందికి షాకు తగలకుండా చేసిన ఏర్పాటు అది. పట్టపగలు ఎండ కాస్తున్నా ఫ్యాను తిరగదు.

సబ్సిడీ పని పూర్తయ్యాకే వస్తుంది గనుక మొదట మొత్తం సొమ్ము మనమే సమకూర్చుకోవాలి; అందుకోసం 3 కిలోవాట్ల వరకు తాకట్టు లేని తక్కువ వడ్డీ బ్యాంకు రుణాలు ఉన్నాయి. బిగింపు ముగిశాక వివరాలు పోర్టల్‌లో పెట్టి నెట్ మీటరుకు (లైను నుంచి మనం వాడిన కరెంటునూ, మనం లైనుకు పంపిన కరెంటునూ లెక్కించే మీటరుకు) దరఖాస్తు చేయాలి. డిస్కం మీటరు అమర్చి, తనిఖీ చేసి, సోలార్ పనిచేయడం మొదలైందని చెప్పే కమిషనింగ్ నివేదిక పోర్టల్‌లో పెడుతుంది. ఆ తరువాత బ్యాంకు వివరాలు, రద్దు చేసిన చెక్కు మీరే పోర్టల్‌లో ఎక్కించాలి. కొందరు ఈ మెట్టు మరిచిపోయి సొమ్ము రాలేదని డిస్కం చుట్టూ తిరుగుతుంటారు. వివరాలు సరిపోతే సాధారణంగా 30 రోజుల్లో సబ్సిడీ నేరుగా ఖాతాలో పడుతుంది.